పక్కటెముకల కింది బిందువు

మాస్టారికి,

నమస్కారం రాయడానికి చేయి రావడం లేదు.

పక్కటెముకల కింద, లోపలి జబ్బును పట్టిచ్చే హెచ్చరిక బిందువు తాకగానే నొప్పి పుడితే సూది పక్కన పెట్టి ఆసుపత్రికి పంపమని ఆక్యుపంక్చర్ క్లాసులో చెప్పింది మీరే. కడుపునొప్పని మీ దగ్గరికి తీసుకొస్తే, మీరు అక్కడ వేలు పెట్టగానే మా అమ్మ కేక వేసింది. ఆసుపత్రికి తీసుకెళ్తానన్నాను. "నాలుగు పాఠాలు వినగానే డాక్టరమ్మవైపోయావా?" అని నవ్వి, నొప్పి ఆపే బిందువని కాలి మీద సూది గుచ్చారు. నొప్పి ఆగింది. లోపల పిత్తాశయం కుళ్ళుతూనే ఉంది. నిన్న ఆసుపత్రిలో కోసి తీశారు. గండం ఇంకా గడవలేదు.

"మాస్టారినేమీ అనకే, నొప్పి తగ్గించారుగా" అంటోంది అమ్మ. మా ఇంట్లో చదువుకున్న మొదటిదాన్ని నేను. నేను అనకపోతే ఎవరంటారు?

సోమవారం క్లాసుకు వస్తాను. ఆ పాఠం అందరి ముందూ మళ్ళీ చెప్పండి. ఉదాహరణగా మా అమ్మ గురించే చెప్పండి.

మీ విద్యార్థిని