ఇంజిను ఆపకుండా చూడాలి నాన్నా

నాన్నా,

ముందు ఆ టీ గ్లాసు కింద పెట్టు. మన బండి నడిచింది!

నేనే నడిపాను. ఏ ఎత్తు మీద మొరాయించిందో ఆ ఎత్తే ఎక్కించాను. వెనక సీట్లో అమ్మ కళ్లు గట్టిగా మూసుకుని కూర్చుంది, పైకి చేరాక తెరిచి "అప్పుడే వచ్చేశామా?" అంది. బండిని తుక్కుకి కొంటానన్న అతనికి శనివారం రావద్దని కబురు పెట్టాను. నిన్ను అడగకుండానే పెట్టాను. కోప్పడాలంటే ఉత్తరం పూర్తిగా చదివాక కోప్పడు.

నీ సైటులో ఫోను అందదు కనక మొదటి నుంచి రాస్తున్నాను. పెద్ద వర్క్‌షాపు వాళ్లు గేరుబాక్సు మొత్తం మార్చాలన్నారు కదా? ఆ ఖర్చుకి ఇంకో బండే వస్తుందన్నారు కదా? వాళ్లు బానెట్ కూడా సరిగా ఎత్తలేదు. నాకు మనసొప్పలేదు. అమ్మ కుట్టుమిషను బాగుచేసే ఆవిడ చెబితే, బస్సు డిపోలో చేసి రిటైరైన మేస్త్రీని పిలుచుకొచ్చాను. ఆయన వస్తూనే "గేరు ఆయిలు చూశారా?" అన్నాడు.

"ప్రతి ఆదివారం చూస్తాం. ఎప్పుడూ నిండుగానే ఉంటుంది," అన్నాను గర్వంగా.

"ఎలా చూస్తారు?"

"ఇంజిను ఆపి. మా నాన్న పద్ధతి."

ఆయన పడీపడీ నవ్వాడు. "అమ్మాయ్, ఆపి చూడాల్సింది ఇంజిను ఆయిలు. మీ ఆటోమేటిక్ గేరుబాక్సుది బండి వేడెక్కాక, ఇంజిను తిరుగుతుండగా చూడాలి. ఆపేస్తే పైనున్నదంతా కిందికి దిగి, తక్కువున్నా నిండుగా కనబడుద్ది!"

నాన్నా, సిగ్నల్ దగ్గర కూడా ఇంజిను ఆపేసే మనిషివి నువ్వు! అది ఊరికే తిరిగితే నీ రక్తమే ఖర్చవుతున్నట్టు విలవిల్లాడతావు. ఇంజిను నడుస్తుండగా కొలపుల్ల తీస్తే కొస మాత్రమే తడిసి ఉంది. మేస్త్రీ వాసన చూసి "మాడలేదు, బతికిపోయారు," అన్నాడు. కిందికి దూరి టార్చి వేసి చూపించాడు. గేరు ఆయిలుని చల్లబరచడానికి రేడియేటరుకి తీసుకెళ్లే గొట్టం పగిలి, చుక్కచుక్కగా కారుతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఉన్న కాస్త ఆయిలూ వెనక్కి పోయి లోపలి పంపుకి అందడం లేదట. కొత్త గొట్టం, ఫిల్టరు, ఆయిలు, అంతే! ఒక టైరు ఖరీదు కూడా కాలేదు.

ఇప్పుడొకటి చెప్పాలి. బండి ఆగిపోయిన రోజు స్టీరింగు నా చేతిలో ఉందని బాబాయి "దానికి తాళం ఇచ్చారు, బండికి నూకలు చెల్లాయి," అన్నాడు. అందరూ నవ్వారు. నువ్వు నవ్వలేదు, కాదని కూడా అనలేదు. బాబాయి మాట దులిపేసుకున్నాను. నీ మౌనం మాత్రం గుచ్చుకుంది. ఇక బండి ముట్టనని లైసెన్సు బీరువాలో పాత దుప్పట్ల కింద పెట్టేశాను. ఇవాళే తీశాను.

నీ
సుడిగాలి

సుడిగాలీ,

నీ ఉత్తరం ఇక్కడ మెస్సులో అందరికీ చదివి వినిపించాను. చివరి పేరా మాత్రం మింగేశాను. దానికి జవాబు నీకొక్కదానికే చెప్పాలి.

నీకు తాళం ఇవ్వడానికి ముందు వారంలోనే అదే ఎత్తు మీద నా చేతిలోనే బండి రెండుసార్లు ఆగింది. ఇంజిను అరుస్తోంది, బండి కదలదు. కాసేపాగితే మళ్లీ కదిలింది. ఎవరికీ చెప్పలేదు. తాళం ఇచ్చేటప్పుడు నీకూ చెప్పలేదు. బాబాయి నిన్నంటున్నప్పుడు నోరు తెరిస్తే నా పరువు పోతుందనుకున్నాను. విప్పి చూస్తే నా తప్పు బయటపడుతుందనే తుక్కుకి వేయడానికి తొందరపడ్డాను. నీ మీద పడ్డ మాట నా మీద పడాల్సింది తల్లీ. ఈ ఉత్తరం మీ బాబాయి ముందు గట్టిగా చదువు.

ఆదివారం పొద్దున రైలుకి వస్తున్నాను. స్టేషనుకి నువ్వే బండి తీసుకురా. ఆయిలు ఎలా చూడాలో అక్కడే నాకు నేర్పుదువుగాని. నేను బయటికి వచ్చేదాకా ఇంజిను ఆపకు.

మీ నాన్న