చెరపని అడుగులు

మా అమ్మాయి చిరంజీవి నారమాత్‌ను నాన్న దీవించి రాస్తున్నది.

ఇక్కడ మీ అమ్మా నేనూ క్షేమం. ఆవుల సంగతి తర్వాత రాస్తాను. నీ గైడ్ల బడిలో తిండి బాగుందని విని అమ్మ సంతోషించింది కానీ, అక్కడ పాలెవరు పోస్తారని సణుగుతూనే ఉంది. ఆమె మోకాలి నొప్పి అలాగే ఉంది. వాన పడిందా అని అడిగావు. లేదు. మబ్బులు కొండమీదికి వస్తాయి, చూసి పోతాయి. ఏటి ఇసుకలో తవ్విన చెలమ ఒక్కటే మిగిలింది.

పోయిన వారం నైరోబీ నుంచి ఒక కుటుంబం పిల్లలతో నేను పనిచేసే టూరిస్టుల క్యాంపుకు వచ్చింది. చిన్నది ముథోని, ఎనిమిదేళ్లుంటాయేమో, నోరు ఊరుకోదు. ఏటి వెంట నడిపించి గిన్నీకోడి కాలిగుర్తులు, ముళ్లపంది ముళ్లు ఈడ్చిన గీతలు చూపించాను.

"ఇవన్నీ చిన్నవే తాతా. పెద్దది చూపించు" అంది.

చెలమ దగ్గర సింహం అడుగులు చూపించాను. అడుగులో అరచెయ్యి పెట్టి కొలుచుకుంది. తర్వాత అటూ ఇటూ చూసి, "అన్నీ ఒకేలా ఉన్నాయేంటి? దీనికి ఒక్కటే కాలా?" అంది.

జీపు డ్రైవరు సైటోటి అందుకున్నాడు. "కుంటిది పాపా. ముసలిదైపోయింది, మీ తాతలాగే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ ముసలి ఆడసింహం ఇంకా ఏటికి దిగుతోందా అని అడిగావు. ఈమధ్య నేను పంపిన అడుగు ఫోటో మంచం పక్కన గోడకు అంటించుకున్నానని రాశావు. దీనికి జవాబు రాయలేకే ఇంత ఆలస్యం చేశాను తల్లీ. ఎండలు ముదరకముందే అది చచ్చిపోయింది. ఎవరో విషం పెట్టిన మేకను తిన్నది. కళేబరం పక్కన బురదలో దిగిన దాని ఆఖరి అడుగులో ప్లాస్టర్ పోసి అచ్చు తీసుకున్నాను. పిల్లలు ముట్టుకుని చూస్తారని, అంతే. తర్వాత జింకలూ పోయాయి. పిల్లలు ఏమీ కనిపించక ఏడుపు మొహాలతో జీపెక్కుతుంటే క్యాంపు యజమాని నా వైపు చూసేవాడు. ఒకనాడు పొద్దున్నే ఆ అచ్చును ఇసుకలో నొక్కాను. పిల్లలు గంతులేశారు. అదే అలవాటైపోయింది, సింహం చచ్చిందని ఎవరికీ చెప్పలేదు. వాళ్లు వెళ్లగానే కొమ్మతో చెరిపేసేవాణ్ణి. ఎందుకో నీకు తెలుసు, మనవాళ్లు అడుగులు చూసుకునే మందను తోలుతారు.

ఆ రోజు కొమ్మ చేతిలోకి తీసుకుంటే ముథోని అడ్డం పడింది. "చెరపకు తాతా. రేపు మళ్లీ చూస్తా." ఆ మొహం చూసి కొమ్మ పడేశాను.

మర్నాడు మాకంటే ముందు మీ నైసులా అత్త మందను చెలమకు తోలుకొచ్చింది. గాలికి అంచులు పూడి, అడుగులు ఏ కాలివో తెలిసేలా లేవు. నీరసించిన ఆవులు, తోడు కోడలొక్కతే. సింహం అక్కడే పొంచి ఉందనుకుని కొండ అవతలి బావికి మళ్లించింది. ఆ బావి ఎండిపోయింది. దారిలో ఒక్కొక్కటిగా కూలబడ్డాయి. మచ్చల ఆవు మాత్రం తిరిగొచ్చింది. నువ్వు పుట్టినప్పుడు నీ పేరున అత్త వదిలిన ఎర్రపెయ్య సంతతి అంతా పోయింది.

సాయంత్రం అక్క మనింటికి వస్తే తిట్టడానికే అనుకున్నాను. ఆమె మన పెద్దవాళ్ల పద్ధతిలో నా అరచేతిలో ఉమ్మి దీవించింది.

"నువ్వు నేర్పిన చదువేరా మమ్మల్ని కాపాడింది. అడుగులు చూసుకోకపోతే నేనూ కోడలూ దాని నోట్లో పడేవాళ్లం. ఆవులదేముంది" అంది.

అప్పుడే చెప్పాల్సింది. తల వంచుకుని ఆ దీవెన తీసుకున్నాను.

ఆ తర్వాత ఆమె చెలమ వైపు రాలేదు. "సింహం పోయిందా తమ్ముడూ?" అని రోజూ కబురు పెట్టేది. నిన్న "పోయిందక్కా" అన్నాను. ఆ ఒక్క మాటే నిజం. ఇవాళ మచ్చల ఆవును తోలుకొచ్చింది. మోచేతి దాకా తవ్వితే తడి ఇసుక వచ్చింది, నీళ్లు రాలేదు. ఆవు ఆ ఇసుకను నాకుతూ నిలబడింది. నేను పక్కనే ఉన్నాను.

చదువు అయ్యాక వచ్చి నాతో ఏటి వెంట నడుస్తానన్నావు. రావద్దు. ఇక్కడ చదవడానికేమీ మిగల్లేదు. అక్కకు చెప్పేస్తానని రోజూ అనుకుంటాను. రేపు మళ్లీ ఎవరో పిల్లలతో వస్తున్నారట. అచ్చు నా సంచిలోనే ఉంది.

గోడమీది ఫోటో తీసెయ్యి తల్లీ. ఆ అడుగు సింహం వేసింది కాదు, నేను వేసింది.

ఇట్లు,
నిన్ను నడిపించిన నాన్న,
లెమాయాన్