చూసే తుపాకి

ఇరవై తొమ్మిదో తేదీ, గురువారం

నాన్నగారికి,

మీ అమ్మాయి నమస్కారాలు. ఇక్కడ నేను, మావయ్య, అత్తయ్య బాగున్నాం. మీ దగ్గు తగ్గిందని, అమ్మ మీ చేత వేళకి మందు మింగిస్తోందని అనుకుంటున్నాను.

ఈ ఉదయం మావయ్య వర్క్‌షాపు తలుపు తీసేసరికి మూలలో నేల ఎర్రగా కనిపించింది. మిగతా నేలంతా నూనె, దుమ్ము పట్టి నల్లగా ఉంటుంది. ఆ మూల మాత్రం, తలుపు రెక్కంత మేర, గచ్చు నిన్ననే వేసినట్టు ఉంది. ఇన్నేళ్ళూ అక్కడ నిలబడి ఉన్న ఆటల మిషను ఇప్పుడు లేదు.

మిషను పోయిందనగానే మీకు పాత ఇనుప సామాన్ల బండి గుర్తొస్తుందని నాకు తెలుసు. అది కాదు. మొత్తం చదవండి. ఫోనులో మీరెంత అడిగినా ఊఁ, ఆఁ తప్ప చెప్పలేకపోయినవన్నీ ఇందులో రాస్తున్నాను.

ముందు మన ఒప్పందం సంగతి. నెలాఖరులోగా ఆ మిషను తుపాకి తెర మీది సీసాని కొడితే నేను మావయ్య దగ్గరే ఉండి పని నేర్చుకోవచ్చు. కొట్టకపోతే ఒకటో తేదీన మీరు మాట్లాడి పెట్టిన లైబ్రరీ ఉద్యోగంలో చేరాలి. ఇవి మీ మాటలే. నోరు విప్పక్కర్లేని ఉద్యోగం, నీ కోసమే పుట్టినట్టుంది అని కూడా అన్నారు. పక్కనే కూర్చుని విన్న మావయ్య నా వైపు జాలిగా చూశాడు. ఎందుకంటే ఆ తుపాకి దగ్గర ఆయన అప్పటికే చేతులెత్తేశాడు.

మీరు ఆ మిషను చూసి ఉండరు. బీరువా అంత పెట్టె. లోపల పాతకాలం టీవీల్లో ఉండే బరువైన గాజు తెర. ముందు తీగతో కట్టేసిన తుపాకి. తెర మీద గోడ, గోడ మీద సీసాలు వస్తాయి. గురి చూసి కొడితే పగులుతాయి. తుపాకిలోంచి ఏదో వెళ్ళి తెరకి తగులుతుందని అందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను. విప్పాక తెలిసింది, తుపాకి ఏమీ వదలదు. గొట్టం ముందు చిన్న అద్దం ఉంది, దాని వెనక మిరియపు గింజంత కన్ను ఉంది. ట్రిగ్గర్ నొక్కగానే తెరంతా నల్లబడి, సీసా ఉన్నచోట మాత్రం తెల్లగా మెరుస్తుంది. రెప్పపాటు కూడా ఉండదు కాబట్టి ఆడేవాళ్ళు గమనించరు. ఆ మెరుపు కన్నుకి కనపడితే తగిలినట్టు, కనపడకపోతే తప్పినట్టు. అంటే అది కాల్చడం కాదు, చూడటం. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి నాకు ఆ తుపాకి మీద అభిమానం పుట్టింది.

మొదట తీగ పని పట్టాను. ఏళ్ళ తరబడి అందరూ లాగి లాగి, పిడిలోకి దూరేచోట లోపల తెగిపోయి ఉంది. పైకి మాత్రం ఏమీ ఎరగనట్టు నున్నగా ఉంది. కొత్త తీగ వేద్దామంటే పాతదాంట్లో రంగులన్నీ వెలిసి ఒకటే బూడిద రంగైపోయాయి. కరెంటు తెచ్చేది ఏది, ట్రిగ్గర్ కబురు మోసేది ఏది, కంటి కబురు మోసేది ఏది అని మీటరు పెట్టి ఒక్కొక్కటీ పట్టుకున్నాను. గుర్తు కోసం అత్తయ్య కుట్టుపెట్టెలోంచి రంగు దారాలు తెచ్చి కట్టాను. సోల్డరింగ్ నేనే చేశాను. పిడి లోపల తీగకి ఒక ముడి వేశాను. ఇకమీదట ఎవరు గుంజినా ఆ బరువు ముడి మీద పడుతుంది, అతుకుల మీద కాదు. మావయ్య ఆ ముడిని చూసి, తనూ అలాంటిది ఒకటి వేసి చూసుకున్నాడు. ఆయన దగ్గర అదే మెప్పు.

తర్వాత కన్ను. పాతదాని కాళ్ళు తుప్పు పట్టి, తుడుస్తుంటేనే ఊడి వచ్చాయి. మావయ్య విడిభాగాల డబ్బాలో సరిగ్గా అలాంటిదే ఇంకొకటి దొరికింది. అదే సైజు, అవే రెండు కాళ్ళు. పాతది తెల్లగాజులా ఉండేది, ఇది నల్లగా ఉంది. దాన్ని నేను పట్టించుకోలేదు. బల్ల మీది బల్బు వైపు గురిపెడితే మీటరు ముల్లు గంతేసింది. చెయ్యి అడ్డం పెడితే పడిపోయింది. తీస్తే మళ్ళీ లేచింది. మావయ్యా అని అరిచాను. నేను అరవగలనని ఆ షాపులో ఎవరికీ తెలియదు. పెయింటరు బాబాయి చేతిలోని బ్రష్షు కింద పడింది. మిషను పెట్టెలకి రంగులు వేసేది ఈయనే. ఎప్పుడూ పుస్తకం పట్టుకుంటానని నన్ను పంతులమ్మా అని పిలుస్తాడు.

ముగ్గురం కలిసి తుపాకిని మిషనుకి తగిలించాం. ట్రిగ్గర్ నొక్కాను. ఢామ్మని శబ్దం వచ్చింది, సీసా కదల్లేదు. గొట్టం తెరకి ఆనించి నొక్కాను. అయినా కదల్లేదు. పంతులమ్మా, నీ తుపాకి సీసాకి నీతులు చెబుతున్నట్టుంది, ఒక్క దెబ్బ వెయ్యమను అన్నాడు బాబాయి. మావయ్య నవ్వలేదు. తెర ముసలిదైపోయింది కోడలు పిల్లా, దాని వెలుగు చాలదు, ఇక వదిలెయ్ అన్నాడు.

వదల్లేదు. తీగ మళ్ళీ చూశాను. అతుకులు ఊడదీసి మళ్ళీ వేశాను. తెర వెలుగు పెంచాను. బల్ల మీద ప్రతిసారీ చూస్తుంది, మిషను ముందు పెడితే ఒక్కసారీ చూడదు. మీరు ఫోన్ చేసింది ఆ రోజే. అది అయ్యే పని కాదు బావా అని మావయ్య మీకు ముందే చెప్పేశాడట. సామాను సర్దుకో తల్లీ, అక్కడున్నవీ నీకిష్టమైన పుస్తకాలేగా అన్నారు మీరు. నేను ఊఁ అన్నాను.

మర్నాడు బల్ల మీది బల్బు మాడిపోయింది. అది పాతరకం, వేడెక్కి పసుపు రంగులో వెలిగేది. దాని చోట మావయ్య కొత్తరకం ఎల్ఈడీ బల్బు పెట్టాడు. బల్లంతా తెల్లగా వెలిగిపోయింది. నేను అలవాటుగా తుపాకిని దాని వైపు పెట్టాను. ముల్లు కదల్లేదు. ఉన్న చూపు కూడా పోయిందనుకున్నాను. చుట్టూ చూస్తే, బాబాయి రంగు ఆరబెట్టే వేడి దీపం పెట్టెల వెనక వెలుగుతోంది. తుపాకి అటు తిప్పాను. ముల్లు ఆ చివరికి పోయి కొట్టుకుంది.

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. కాన్వెంటు స్కూల్లో సైన్సు చెప్పే సిస్టర్ ఒకసారి కిటికీ దగ్గర గాజు పట్టకం పెట్టి, తెల్లకాగితం మీద ఏడు రంగులు పడేలా చేశారు. ఒక్కో రంగులో మా చేత థర్మామీటరు పెట్టించారు. చివర్లో ఎరుపు దాటాక, ఏ రంగూ లేని ఖాళీ చోట పెట్టమన్నారు. పాదరసం అన్నిటికన్నా అక్కడే పైకెక్కింది. మీకు కనపడనిది కూడా వెలుగే పిల్లలూ అన్నారు సిస్టర్. నా నల్లకన్ను చూస్తున్నది ఆ వెలుగునే. అది టీవీ రిమోటు కబురు అందుకునే రకం. ఇంకే వెలుగూ కనపడకుండా దానికి పుట్టుకతోనే నల్ల కళ్ళద్దాలు పెట్టారు. వేడెక్కే దీపాల్లో అది చూసే వెలుగు దండిగా ఉంటుంది. ఎల్ఈడీలోనూ, మిషను తెరలోనూ దానికి దొరికేది ఏమీ లేదు. తెర ముసలిదై కాదు. తీగ తప్పూ కాదు. కన్నే వేరే.

తెల్లకన్ను కోసం విడిభాగాల దుకాణానికి నేనే వెళ్ళాను. అక్కడ కౌంటరు ముందు ఎప్పుడూ గుంపే. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళకే సరుకు. నా వెనక వచ్చినవాళ్ళు నా భుజం మీదుగా చేతులు చాపి అన్నీ పట్టుకుపోతున్నారు. చివరికి షాపాయన నన్ను చూసి, ఏంటి పాపా, రిమోటు పాడైందా అని నేను అడక్కుండానే నల్లది తీసి పెట్టాడు. నేను దాన్ని వేలితో వెనక్కి నెట్టాను. ఇది కాదండీ, దీనికి తెర కనపడదు, మనకి కనపడే వెలుగుని చూసేది కావాలి, తెల్లగాజులా ఉంటుంది, లోపల ఉంటే చూడండి అన్నాను. మధ్యలో ఆగితే మళ్ళీ మాట రాదని ఒక్క గుక్కలో అనేశాను. గుంపు సద్దుమణిగింది. ఆయన లోపలికి వెళ్ళి చాలాసేపు వెతికి తెచ్చి, ఇంతకీ దేనికమ్మా అన్నాడు. తుపాకికి అన్నాను. ఆ తర్వాత నాకు అందరూ దారి ఇచ్చారు.

కొత్త కన్ను వేసి ట్రిగ్గర్ నొక్కితే సీసా పగిలింది. పక్క సీసా మీద పెట్టాను, పగిలింది. ఖాళీ గోడ మీద పెట్టాను, అప్పుడూ సీసా పగిలింది. మావయ్య ముఖంలో నవ్వు సగంలో ఆగిపోయింది. బాబాయి తుపాకి లాక్కుని తెర అంచుకి గురిపెట్టి కొట్టాడు. సీసా పగిలింది. మరీ మంచి పంతులమ్మ, రాసినవాణ్ణీ రాయనివాణ్ణీ పాస్ చేసేస్తోంది అన్నాడు.

కన్ను అవసరానికి మించి చూస్తోందన్న మాట. నల్లకాగితాన్ని సన్నని గొట్టంలా చుట్టి, గుర్రానికి గంతలు కట్టినట్టు, కంటి ముందు అమర్చాను. ఇప్పుడు గురి ఉంటేనే తగులుతుంది. మావయ్య కాల్చాడు, తప్పింది. ఇంకా ఏదో తేడా ఉంది అన్నాడు. నేను కాల్చాను, తగిలింది. ఆయన మళ్ళీ కాల్చాడు, మళ్ళీ తప్పింది. ఈ ముక్క మాత్రం మీ నాన్నకి రాయకు, జన్మంతా వాయిస్తాడు అన్నాడు. రాసేశాను.

నిన్న సాయంత్రం రేవు దగ్గర ఆటల హాలు నడిపే ఆవిడ వచ్చింది. ఇలాంటి మిషను కోసం చాలాకాలంగా వెతుకుతోందట. తేలిగ్గా నవ్వే మనిషి కాదు. తీగని గట్టిగా గుంజి చూసింది. కొన్ని సీసాలు కొట్టింది. తర్వాత కావాలని పక్కకి గురిపెట్టి కొట్టి, తప్పిందా లేదా అని చూసింది. తప్పింది. అయితే ఇది నిజమైనదే అంది. ఎవరు బాగుచేశారని మావయ్యని అడిగింది. మామూలుగా అయితే మా షాపులోనే అంటాడాయన. నిన్న మాత్రం, మా మేనకోడలండీ, మా అక్క కూతురు అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు చేతులు తుడుచుకునే గుడ్డతో కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, అద్దాల నిండా గ్రీజు. ఆవిడ నా వైపు తిరిగి, రేపు ఇది మొరాయిస్తే నిన్నే పిలుస్తాను, వస్తావా అంది. వస్తానన్నాను. మిషను ఆవిడతో వ్యానెక్కి వెళ్ళిపోయింది.

మావయ్య ఇందాక కిటికీ పక్కనున్న బల్ల ఖాళీ చేసి, ఇక ఇది నీది, దీని మీద పుస్తకాలు పేర్చకు అన్నాడు. పేర్చలేదు, ఒక్కటే పెట్టుకున్నాను. ఈ ఉత్తరం ఆ బల్ల మీదే రాస్తున్నాను. మీ నాన్న మాట తప్పే మనిషి కాదు, అయినా ఒకసారి గుర్తుచెయ్యి అన్నాడు మావయ్య. గుర్తుచేస్తున్నాను.

నాన్నగారూ, నాకు గర్వంగా ఉంది. ఈ మాట నా గురించి నేను ఎప్పుడూ రాసుకోలేదు. మా స్కూల్లో సిస్టర్లు చెప్పే పాపాల్లో మొదటిది అదే. అయినా కొట్టెయ్యకుండా ఉంచేస్తున్నాను. ఇందులో కొంచెం మీరూ తీసుకుంటే నాకు ఇంకా బాగుంటుంది.

అమ్మకి ఈ ఉత్తరం మీరే చదివి వినిపించండి, సీసా పగిలిన చోట కాస్త గట్టిగా.

మీ ఆశీస్సులు కోరుతూ,
మీ అమ్మాయి

తా.క. సామాను సర్దుకోమని మీరు ఫోన్ చేసిన రోజు, మీరు పెట్టేశాక నేను లైబ్రరీ ఆవిడకి ఫోన్ చేశాను. నేను రావడం లేదని, ఆ ఉద్యోగం ఇంకెవరికైనా ఇవ్వమని చెప్పాను. అప్పటికి తుపాకి ఒక్క సీసా కూడా కొట్టలేదు. కొడుతుందని నాకూ తెలియదు.