పడవలన్నీ ఒడ్డున ఉన్న రోజు

ఫిబ్రవరి 4

"పుస్తకం మీద ఇద్దరి పేర్లూ ఉంటాయిరా. మాటంటే మాటే." రాజాం బస్టాండులో టీ గ్లాసు పట్టుకుని సత్యానందం అన్న మాట. అక్కడి కాలేజీలో ఇద్దరం తెలుగు పాఠాలు చెప్పే రోజులు. సెలవు దొరికితే ఈ రేవుకు వచ్చి జాలరి ఆడవాళ్ళ పాటలు టేపు చేసుకునేవాళ్ళం.

పుస్తకం వచ్చింది. అట్ట మీద ఒకటే పేరు. నేను ముందుమాట చివర 'సహకరించిన మిత్రులు' అన్నచోట ఉన్నాను — ప్రెస్సు వాళ్ళకూ, టేపు రికార్డరు అరువిచ్చిన షాపతనికీ మధ్య.

ఇన్నేళ్ళకు మళ్ళీ ఇదే ఊళ్ళో దిగాను. మూడు నెలల పరిశోధన గ్రాంటు. ఈ వయసులో ఎవరిస్తారు అనుకున్నాను. ఇచ్చారు. ముందు ఆ ఒక్క పాట కావాలి. సముద్రం మింగిన మగవాళ్ళ కోసం పాడేది. సత్యానందం సగం చరణాలు ఎగరగొట్టి అచ్చువేశాడు. మొత్తం పాట, తప్పుల్లేకుండా, నా పేరుతో రావాలి.

ఫిబ్రవరి 5

గది పోలమ్మ డాబా మీద. అప్పట్లో మాకు ఆ పాట పాడింది ఈమె తల్లే. బోరు నీళ్ళు ఉప్పు. టీ కూడా ఉప్పే.

ఫిబ్రవరి 9

పోలమ్మ కోడలు రాములమ్మ పొద్దున్నే చోడంబలి, అంటే రాగి జావ, గ్లాసులో పోసి మెట్ల మీద పెట్టి పోతుంది. మొదటి రోజు వద్దన్నాను. "తాగు తాతా, సచ్చిపోవులే" అంది. తాగాను. బాగుంది... చెప్పలేదు.

కొత్త తాళం అప్పుడే తుప్పు పట్టింది. కళ్ళజోడు ఎంత తుడిచినా మసకే.

ఫిబ్రవరి 12

చేపలు ఆరబోసేచోట కూర్చుని సత్యానందం పుస్తకం తీశాను. 'వేటకు వెళ్ళిన భర్తల కోసం ఎదురుచూస్తూ స్త్రీలు సాయంవేళ తీరాన ఈ శోకగీతాన్ని ఆలపిస్తారు.' పైకి చదివాను. ఆడవాళ్ళంతా ఒకటే నవ్వు.

"ఓలమ్మో! మగోడు నీల్ల మీదుండగా ఏడుపుపాటేటి?"

"రాసినోడికి పెల్లాం నేదేటి?"

పోలమ్మ మాత్రం నవ్వలేదు. "అందరూ ఒడ్డునుంటేనే ఆ పాట, బాబూ. మనోడొక్కడు నీల్ల మీదున్నా నోట రాకూడదు. మా యమ్మ అలగే పాడింది. ఆయేల పడవలన్నీ ఇసక మీదే."

దొరికాడు! అంత పెద్ద పండితుడు. అక్కడే ఉండి, వినీ, ఆ సంగతి అడగలేదు.

అన్నం రెండోసారి పెట్టించుకున్నాను.

ఫిబ్రవరి 20

భోగాపురం వెళ్ళి రికార్డరుకు బ్యాటరీలు తెచ్చుకున్నాను. షేర్ ఆటోలో దారి పొడుగునా ఎయిర్‌పోర్టు, భూముల ధరలు. మోకాలు నొప్పి.

ఫిబ్రవరి 23

గాలి. వేటకు పోవద్దని హెచ్చరిక. పడవలన్నీ ఇసుక మీదికి లాగేశారు. రికార్డరు పట్టుకుని కిందికి దిగి, పాడమని పోలమ్మను అడిగాను.

"ఇయన్నీ ఒడ్డునే ఉన్నాయి. మరి మా పెద్ద మనవడో? గుజరాత్ బోటు మీదున్నాడు."

వేసవికి వస్తాడుగా, అన్నాను.

"ఆడు దిగితే సిన్నోడు షిప్పెక్కుతాడు. సిన్నోడొస్తే ఇంకో ఇంట్లో ఇంకొకడు. ఎనక మావోల్లు ఈ రేవులోనే ఏటాడీవోల్లు. ఇప్పుడు సముద్రం కాలీగుండదు, బాబూ."

బతిమాలాను. తలుపు వేసుకుని, మెల్లగా, ఒక్కసారి...

"నీ పిల్లడు నీల్ల మీదుంటే పాడమంతావేటి?"

పైకి వచ్చేశాను. సత్యానందం తప్పును పట్టిచ్చిన కట్టుబాటే నా నోటికాడి పాట లాగేసుకుంది.

ఫిబ్రవరి 24

ఏమీ లేదు. అంబలి.

ఫిబ్రవరి 27

పోలమ్మే మెట్లెక్కి వచ్చింది. ఆయాసం తీరేదాకా గడప మీద కూర్చుంది.

"మా యమ్మ పాడిన టేపేటయిపోనాది? ఇద్దరూ కలిసొచ్చి ఇనిపిస్తామన్నారు. అమ్మ సచ్చీదాకా అడిగింది. పాట నాకూ వచ్చు. అమ్మ గొంతే... మరిసిపోనాను."

టేపు సత్యానందం దగ్గరుంది, విశాఖలో, అన్నాను. వాడు ఏదీ పారేసే రకం కాదు.

టేపు వింటే తప్పు లేదా, అని అడిగాను.

"తప్పేటి? ఆయేల అందరూ ఒడ్డునే ఉన్నారు గదా. అదప్పుడే పాడీసిన పాట."

ఆమెకు తల్లి గొంతు, నాకు మొత్తం పాట. రెండూ ఆ ఒక్క టేపులో.

"పోను సెయ్యి మరి" అని దిగిపోయింది.

పుస్తకం వచ్చిన నాటినుంచీ వాడితో మాట లేదు. వాడి భార్య పోయినప్పుడు కూడా పలకరించలేదు.

మార్చి 2

పాత విద్యార్థి ఒకడు నంబరు ఇచ్చాడు. బల్ల మీద పెట్టాను.

మార్చి 5

చేశాను. వాడే ఎత్తాడు. గొంతు సన్నబడింది. వెనక టీవీ మోత.

"ఎవరండీ?... మాట్లాడరేం?"

టేపు కావాలి — ఆ ఒక్క ముక్క చాలు. అనలేదు. వాడు టీవీ కట్టేశాడు. తరవాత మెల్లగా —

"నువ్వట్రా?"

పెట్టేశాను.

మార్చి 6

అంబలి ఇవాళ పోలమ్మే తెచ్చింది.

"పోను సేసినావా?"

ఎత్తలేదన్నాను.

"మల్లీ సెయ్యి. పెద్దోడు గదా, ఇనపడనేదేమో."

గ్లాసు ఖాళీ అయ్యేదాకా నిలబడే ఉంది. తల తిప్పుకుని తాగాను.

ఫోను బల్ల మీదే ఉంది. నా నంబరు వాడికి చేరింది. గుర్తు కూడా పట్టాడు. తిరిగి చేయొచ్చు కదా. చేయవలసింది వాడు. మాట తప్పింది వాడు. కింద ఆ ముసలమ్మ ఎదురుచూస్తోందంటే, ఆ తప్పెవరిదని ఎవరు అడిగినా ఒకే పేరు చెబుతాను —

సత్యానందం.