పందిరిమంచం కింద పిండి

జూలై 29

పందిరిమంచం కింద పిండి. చిటికెడు కూడా ఉండదు. గోధుమరంగు, మెత్తన… వేలితో తీస్తే జారిపోతోంది. పొద్దున్న తుడిచినప్పుడు లేదు. ఉందేమో, చూళ్లేదేమో.

దుమ్మే అయ్యుంటుంది. ఇన్ని రోజుల ముసురులో అరకులో దుమ్మెక్కణ్ణుంచి వచ్చిందే, మొద్దుమొహమా.

జూలై 30

దుమ్ము కాదు. తుడిచిన చోటే మళ్లీ పడింది. మంచాన్ని అరచేతిలో బోర్లించి భూతద్దం పెట్టి చూశాను. కోడు అడుగున సూదిమొనంత కన్నం. పక్కనే ఇంకోటి.

పురుగు. అంకుడు కర్ర మెత్తగా ఉంటుందని ఏటికొప్పాకలో లక్కబొమ్మలు తీసేవాళ్లకి ఇష్టం. పురుక్కీ అందుకే ఇష్టం.

ఎలా వచ్చిందో కూడా తెలుసు. వేసవిలో పెదబయలు సంతలో కొన్న బొమ్మ ఉయ్యాలబల్ల. గోనెపట్టా మీద పాత తాళాలు, విరిగిన గరిటెల మధ్య కనిపించింది. కళ్లు చెదిరాయి నాకు. పాత బొమ్మ ఏది వచ్చినా మూత బిగించిన స్టీలు డబ్బాలో కొన్నాళ్లు వేరుగా పెట్టాలి, పురుగు లేదని తేలాకే ఇంట్లోకి. ఈ సుద్దులు చెప్పేదాన్ని నేనే. తెచ్చిన రోజే బొమ్మరింటి హాల్లో వేలాడదీసి ఊపి చూసుకుని మురిసిపోయాను. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అనలేదు.

అక్క వచ్చేసరికి ఇల్లు నిండుగా ఉండాలని…

జూలై 31

అక్క కూతురు లలిత ఫోన్. వాళ్లమ్మని పధ్నాలుగున ఇక్కడికి తీసుకొస్తానంది. వైజాగ్‌లో తనకి నైట్ డ్యూటీలు, తాళం వేసి వెళ్తే అక్క తలుపు బాదుతోందట, పక్కవాళ్లు గొడవ. ఎవరింట్లో పెట్టినా "మా ఇంటికెళ్లిపోతాను" అని బయల్దేరిపోతోందట.

"పిన్నీ, నీ దగ్గర నిలిస్తే సరే. నీ దగ్గర కూడా నిలవకపోతే ఇక హోమే. నన్ను తిట్టుకోకు."

తిట్టుకోను. నాకు ఆ ముక్కే వినపడుతోంది రోజంతా. హోమే. హోమే.

ఆగస్టు 1

దుకాణం సగం తీసి కూర్చున్నాను. గాజులు అడిగినామెకి రిబ్బన్లు ఇచ్చాను.

మొన్న ఉగాదికి వెళ్తే అక్క నన్ను చూసి లేచి నిలబడి, "ఎవరండీ మీరు? కూర్చోండి" అంది. సొంత చెల్లెలికి మర్యాద. మంచినీళ్లు కూడా ఇచ్చింది. ఏం చెయ్యాలో తెలీక ఫోన్‌లో నా బొమ్మరిళ్ల ఫొటోలు చూపించాను. రేకు ఇల్లు — గోడల మీదే కిటికీలు, పూలకుండీలు అచ్చువేసినది — దాటేసింది. ప్లాస్టిక్ వంటగది, పెనం మీద దోసె అతికించి ఉన్నది, దాన్నీ దాటేసింది. పందిరిమంచం దగ్గర వేలు ఆగింది.

"ఇది మాది. దీని పక్కన బీరువా ఉండాలి. బీరువా ఏదీ?"

ఫొటోలో పడలేదు గానీ బీరువా ఉంది. కుంపటి ఉంది. పాడేరులో నాన్న టీ పెట్టె పలకలతో మా ఇద్దరికీ కొట్టిచ్చిన ఇల్లు, అందులోకి ఏటికొప్పాక లక్కసామాను. అక్క పెళ్లయ్యాక ఎవరికి దొరికింది వాళ్లు పట్టుకుపోయారు. ఒక్కొక్కటీ వెతుక్కుంటూ వెతుక్కుంటూ ఈ పిచ్చి పట్టింది నాకు, మేడంతా ఇళ్లే అయ్యాయి. బజారులో నా పేరు బొమ్మలమ్మ. అననీ.

అక్క "మా ఇల్లు" అనేది దాన్నే అయితే? ఆ ఇల్లు చూపిస్తే ఇక్కడ నిలుస్తుందేమో. అంతే నా ఆశ. ఆ ఆశకి ఇప్పుడు చిల్లులు.

ఆగస్టు 2

బీరువాలో కూడా.

ఆగస్టు 3

పక్క కొట్టు అప్పారావు, కాఫీ గింజలు కొనే మనిషి, వచ్చి చూశాడు. అడగలేదు నేను. "వదినగారూ, కాఫీ మొక్కకి కాండం తొలిచే పురుగు పడితే ఏటి సేత్తాం? పీకి కాల్సీడమే. ఒక మొక్క మీద జాలిపడితే తోట పోద్ది. ఆ నాలుగూ పొయ్యిలో పడీండి, మిగతాయి దక్కుతాయి."

మాట నిజమే. మాట నిజమైతే మటుకు అలా చెప్పాలా!

ఎండలో పెడదామంటే సూర్యుడు కనపడి ఎన్నాళ్లయిందో. కిరసనాయిలు పూస్తే రంగు పోతుంది. ఐస్‌క్రీమ్ కొట్టతని డీప్ ఫ్రిజ్‌లో కొన్నాళ్లు పెడితే చస్తుందని విన్నాను, సిగ్గు విడిచి అడిగాను. "పెట్టండమ్మా, కరెంటుంటే కదా" అన్నాడు. నిన్నటి గాలికి పోయిన కరెంటు ఇంకా రాలేదు.

ఆగస్టు 5

సుక్రి చూసింది. చాలా ఏళ్లుగా దుకాణంలో నాతో ఉన్న మనిషి, ఎప్పుడూ మేడ మీది సంగతుల్లో వేలు పెట్టదు. ఇవాళ పెట్టింది.

"అమ్మా, ఏటి అలగ గుబులుగున్నావు? మా ఇంట్ల జొన్నపొత్తులు, సామ ఇత్తనాలు పొయ్యి మీదే కట్టీస్తాం. ఏడాది పొడుగునా పొగ తగుల్తాది. పురుగు దగ్గరికొస్తే ఒట్టు. నాకియ్యి. నేను కడతాను."

కొండ ఇళ్లలో చూశాను నేను కూడా. పొయ్యి పైన వెదురు తడక, దాని మీద గింజలు, మసిబారి నిగనిగలాడుతూ. వాళ్ల విత్తనం చెడగా చూళ్లేదు.

ఇచ్చేశాను. మంచం, బీరువా, కుంపటి, ఆ పాడు ఉయ్యాల. పాత చీరముక్కలో చుట్టి బుట్టలో పెట్టుకుని ఆఖరి జీపుకి వెళ్లిపోయింది. ఖాళీ గదుల్లోకి చూడలేక ఇంటి మీద తువ్వాలు కప్పాను.

ఆగస్టు 6

కాస్త నిద్ర పట్టింది. సుక్రికి మంచి చీర పెట్టాలి.

ఆగస్టు 7

లక్క!

అన్నం కలుపుకుంటుంటే తట్టింది. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. లక్క వేడికి కరుగుతుంది. తిరిగే కర్రకి లక్కకడ్డీ ఒత్తితే ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది, ఏటికొప్పాక వెళ్లి కళ్లారా చూసొచ్చినదాన్ని. జొన్నపొత్తుకి లక్క ఉండదు. సుక్రికి తెలీకపోవచ్చు. నాకేమైంది?

ఫోన్ చేశాను. వాళ్ల ఊళ్లో సిగ్నల్ లేదు. ఆవిడ ఇవాళ పనిలోకీ రాలేదు. పైన వాన గట్టిగా ఉందట.

ఆగస్టు 8

సుక్రి ఊరికి బయల్దేరాను. జీపు మలుపు దాకా వెళ్లింది, అంతే. గెడ్డ పొంగింది. ఎర్రనీళ్లు, దుంగలు కొట్టుకొస్తున్నాయి. అవతల ఒడ్డున ఎవరో గొడుగేసుకుని నిలబడ్డారు. అరిచాను — "సుక్రితో చెప్పండి, బొమ్మలు దించెయ్యమని!" చెయ్యూపారు. వినపడిందో, పలకరించాననుకున్నారో.

డ్రైవరు అంటాడు: "బొమ్మల కోసమా అమ్మా ఇంత వానలో?"

అవును నాయనా, బొమ్మల కోసమే.

ఆగస్టు 9

వాన.

ఆగస్టు 10

వాన. లలితకి ఫోన్ చేసి ఇంకో వారం ఆగమందామని నంబరు నొక్కి, కట్ చేశాను. ఆగమంటే ఇంకేదో చూసుకుంటుంది. ఆ ఇంకేదో ఏమిటో నాకు తెలుసు.

మేడ మీద మిగతా ఇళ్లన్నిటి కిందా నల్లకాగితం పరిచాను, పిండి రాలితే తెలియాలని. ఏ ఇంట్లోనూ లేదు. అయినా మాటిమాటికీ మెట్లెక్కుతున్నాను. మోకాళ్లు అరిగేది దీనికే.

ఆగస్టు 12

సుక్రి వచ్చింది. బుట్ట కింద పెట్టి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"పురుగు సచ్చింది అమ్మా. మరి… రంగు ఎల్లిపోనాది. నేను పైనే కట్టినాను. అత్త ఏటి సేసిందంటే, చెమ్మగుంది, ఆరాలని కిందికి దించీసింది. బేగి ఆరతాదని మంట కూడా పెంచింది. నేను పొలంలో ఉండిపోనాను."

చీరముక్క విప్పితే రాలేదు, అతుక్కుంది. మంచం నల్లగా, పందిరి ఒక పక్కకి ఒరిగిపోయి. పసుపు లేదు, ఎరుపు లేదు. బీరువా లక్క కరిగి మంచానికి అంటుకుపోయింది, విడదీస్తే విరిగేలా ఉంది. ఉయ్యాల గొలుసుల మీది లక్క మైనం కారినట్టు జారింది. కుంపటి ఒక్కటే దాని రంగుకి దగ్గరగా ఉంది, కుంపటి కాబట్టి.

నోటికొచ్చింది అన్నాను. "మీకు బొమ్మకీ పొత్తుకీ తేడా తెలీదా" అన్నాను. తెలిసిన నేను ఇచ్చినందుకు నన్ను అనుకోవాల్సింది ఆమెని అన్నాను. సుక్రి కూర్చుని గోటితో మసి గీకడం మొదలుపెట్టింది. అది చూసి ఇంకా ఏడుపొచ్చింది.

చెయ్యి పట్టుకుని ఆపాను. ఇద్దరం టీ తాగాం. వెళ్తూ అంది: "మా అత్త అంటాది, ఇప్పుడు మనుషులుండే ఇల్లులాగున్నాది అని." నవ్వానో ఏడ్చానో.

ఆగస్టు 13

దాచెయ్యాలా, చూపించాలా?

కొత్త లక్కమంచం కొనుక్కొచ్చి పెడితే? అక్క మనుషుల్ని మర్చిపోయింది గానీ సామాన్లని కాదు. దొంగమంచమని పట్టేస్తుంది. చిన్నప్పుడూ అంతే, ఒక్క చెంబు పక్కకి జరిగినా "ఎవరు ముట్టారు?" అనేది. ఇల్లు తనది, నేను అద్దెకుండేదాన్ని. వంటింటి వైపు అసలు రానిచ్చేది కాదు, నిజం అగ్గిపుల్ల గీస్తానని.

ఖాళీ ఇల్లు పెట్టినా "బీరువా ఏదీ" అంటుంది. నల్ల మంచం పెట్టినా ఇది మాది కాదంటే? చెప్పులేసుకుని బయల్దేరుతుంది. లలిత చూస్తూనే ఉంటుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి.

ఆగస్టు 14

వచ్చారు. అక్క చిక్కిపోయింది. జడ ఎవరో కురచగా కత్తిరించారు.

నన్ను చూసి దణ్ణం పెట్టింది. కాఫీ తాగింది. చెంగు సర్దుకుని, "ఇక వెళ్లొస్తామండీ, మా ఇంటి దగ్గర ఎవరూ లేరు" అని లేచింది. లలిత నాకేసి చూసింది. ఏదైతే అదయిందని అక్కని చెయ్యి పట్టుకుని మేడ మీదకి తీసుకెళ్లాను. నల్ల సామాను సర్దిన ఇంటి మీంచి తువ్వాలు తీశాను.

చాలాసేపు చూసింది. వంగి, నల్లబడ్డ మంచం మీద వేలు రాసింది. వేలికి మసి. వాసన చూసింది. ముఖం చిన్నపిల్ల ముఖమైపోయింది. మెట్ల వైపు భయంగా చూసి, నా కొంగు పట్టుకుంది.

"అమా… సిన్నమ్మిని కొట్టకే."

చిన్నమ్మి అంటే నేను. కొట్టేది అమ్మ. నేను నేను కాకుండా ఆ ఇద్దర్నీ అయ్యాను.

అమ్మలాగే అడిగాను, "ఎవరే ఇల్లు తగలెట్టింది?"

"నేనే. అగ్గిపుల్ల నేనే గీసీసేను. దానికేటీ తెల్దు."

తిరిగి చూస్తే గుమ్మంలో లలిత, చేతిలో సంచి పట్టుకుని అలాగే నిలబడి ఉంది. అక్క నా కొంగు వదల్లేదు. "కొట్టవు కదా" అని మళ్లీ అడిగింది. కొట్టను అన్నాను. అప్పుడు ఇంటి ముందు కూర్చుని చీరచెంగుతో మసి తుడవడం మొదలుపెట్టింది.

ఆగస్టు 15

రాత్రి ఇక్కడే పడుకుంది. "మా ఇంటికెళ్తాను" అనలేదు. లలిత పొద్దున్నే వైజాగ్ బస్సుకి వెళ్లిపోయింది. "రెండు వారాలు చూద్దాం పిన్నీ" అంది. సరే అనలేదు, కాదనలేదు, చూద్దాం అంది.

సుక్రి చెంబుడు వేడినీళ్లు తెచ్చిస్తే అక్క ముఖం కడిగించుకుంది. సుక్రిని చూసి, "మీరు మా ఇంట్లో అద్దెకున్నారా?" అని అడిగింది. "అవునమ్మా" అంది సుక్రి, తడుముకోకుండా.

ఆగస్టు 16

నల్లకాగితాలు తిరగేసి చూశాను. ఏమీ లేదు. టీ పెట్టె ఇంటి గుమ్మం దగ్గర మాత్రం ఏదో రవ్వంత… మసే అయ్యుంటుంది. అక్క తుడిచింది కదా. మసి నల్లగా ఉంటుంది, ఇది గోధుమరంగు. కళ్లద్దాలు మార్చాలి.

మధ్యాహ్నం అన్నం పెట్టాను. ముద్ద నోటి దాకా తీసుకెళ్లి ఆగింది.

"సిన్నమ్మి ఏదమ్మా?"

ఇక్కడే ఉన్నానే, నీ ఎదురుగా, నేనే. ఈ మాట గొంతు దాకా వచ్చింది. అంటే నన్ను చూసి మళ్లీ లేచి నిలబడి దణ్ణం పెడుతుందేమో. అమ్మ పోతుంది, చిన్నమ్మీ రాదు.

"బడికెళ్లింది" అన్నాను.

"సాయంత్రం వచ్చీస్తాదా?"

"వచ్చేస్తుంది."

అన్నం సగం పక్కకి తోసి, అది చిన్నమ్మికి అంది.

ఆగస్టు 16, సాయంత్రం

బడి గంట కొట్టారు. కాలనీ పిల్లలు గొడుగులు తిప్పుకుంటూ పోతున్నారు. అక్క మేడ వరండాలో కుర్చీ వేసుకుని రోడ్డుకేసి చూస్తోంది. ఒక్కో గుంటనీ ఆపి చూస్తోంది, మనసులో. పిల్లలు పలచబడ్డారు.

నేను కిందకి దిగిపోయాను. దుకాణం మెట్టు మీద కూర్చుని రాస్తున్నాను. సుక్రి అంటోంది, "నువ్వే పైకెల్లి వచ్చీసినాననియ్యమ్మా." చెప్పడం తేలిక. ఏ గొంతుతో పిలవను? యాభై దాటిన మోకాళ్లతో ఆ మెట్లు పరిగెత్తగలనా? పరిగెత్తి వెళ్తే నన్ను చిన్నమ్మీ అంటుందా, ఎవరండీ అంటుందా?

జడ ముందుకేసుకున్నాను. చెప్పులు విప్పేశాను.

పైనుంచి అక్క గొంతు — "అమా, వచ్చిందా?"