బూరుగు దూది కోటు

ఓడలో నుంచి,
ఫిబ్రవరి 11, బుధవారం.

ఏంజెల్ నాన్నగారికి,

స్నేహలత వందనాలు. ప్రభువు దయవల్ల నేనూ రాధారాణి గారూ వేళకు తిని తిరుగుతున్నాం, ఒంట్లో నలతలేమీ లేవు. రేపల్లెలో మీరు, బాపట్లలో ఏంజెల్ అలాగే ఉన్నారనుకుని ఇది మొదలుపెడుతున్నాను. ఇన్ని కాగితాలేంటని కంగారుపడకండి. అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను, అంతే.

మీ ఉత్తరాన్ని ఏంజెల్ ఫోటో తీసి పంపింది. నాలుగుసార్లు చదివాను. నా జవాబు మాత్రం దాని ఫోనుకు పంపడం లేదు. పంపితే అది ముందు తను చదువుకుని, ఆ తర్వాత మీకు వినిపిస్తుంది. ఇది మీరొక్కరే చదవాల్సిన ఉత్తరం. అందుకని కోటు లోపలి జేబులో పెడుతున్నాను. రేపటి రేవులో చలిబట్టలన్నీ ఒక పెట్టెకెత్తి ఇంటికి పంపేస్తున్నారు. ఇకమీద వచ్చేవన్నీ ఎండ దేశాలేనట. పెట్టె తెనాలిలో రాధారాణి గారి ఇంటికి చేరుతుంది. అక్కడి నుంచి ఏంజెల్ కోటు తెచ్చి మీ చేతికిస్తుంది. కుట్టుమిషను కొంటానన్న వినోద్ కుమార్‌కు దాన్ని ఇచ్చే సంగతి కోటు వచ్చేదాకా ఆపమని మొన్న దాని చేత చెప్పించింది ఇందుకే.

మీరడిగినవాటికి వరసగా చెబుతాను. అన్నం దొరుకుతోంది. మెతుకుకు మెతుకు తగలకుండా వండుతారు, ఎంత కలిపినా ముద్ద కాదు. గోంగూర పచ్చడి సీసా అడుగున ఇంకా రెండు వేళ్ళ మందం ఉంది. రాధారాణి గారు తన ఆవకాయ దాచుకుని నా సీసాలో చెంచా పెడతారు. "నీది మా ఇంట్లో కుదరదే, లతా" అంటారు. ఆదివారం ఆరాధన ఉంటుంది, సినిమా హాల్లో. ముప్పై మందిమి. అంతా ఇంగ్లీషు. రాగాలు మనవే కాబట్టి నేను తెలుగులో పాడుకుంటాను. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

పని కష్టంగా ఉందా అన్నారు. లేదు. రాధారాణి గారికి స్నానం చేయించడం, మాత్రలు, చక్రాల కుర్చీ తోయడం. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, పది అడుగులు మించి నడవలేరు, నోరు మాత్రం ఇంకా క్లాసులో పాఠం చెబుతున్నట్టే ఉంటుంది. లెక్కల టీచరు కదా. ఇబ్బందల్లా గది. మన కొట్టంత ఉంటుంది. రెండు మంచాలు, ఒక బీరువా. అందులో ఎండాకాలం బట్టలు, చలికాలం బట్టలు, మళ్ళీ ఎండాకాలం బట్టలు. మూడు వారాల చలి కోసం మొత్తం ప్రయాణమంతా చలిబట్టలు మొయ్యాలి. ఇలా ఓడలో దేశదేశాలు చూడ్డం అలవాటైనవాళ్ళు పల్చటి ఉన్ని బట్టలు తెచ్చుకుని ఒకదాని మీద ఒకటి తొడుగుతారు, ఉల్లిపాయ పొరల్లా. లావు జర్కిన్ ఒక్కటే ఉంటుంది, దాన్ని ఓడ దగ్గరికి వచ్చే విమానంలోనే ఒంటి మీద వేసుకొచ్చేస్తారు. ఈ కిటుకు మనకెవరూ చెప్పలేదు.

ఇక కోటు. కోటు వెచ్చగా ఉందా, కుట్లు ఆగాయా అని మీరు ప్రతిసారీ అడుగుతున్నారు. ఫోన్లో అడిగినప్పుడల్లా సిగ్నల్ పోయిందన్నాను. సిగ్నల్ ఉంది. ఈసారి ఉత్తరంలో ఇంకో మాట కూడా రాశారు. పున్నమ్మ గారు జాకెట్టు తిరిగి తెచ్చిందనీ, పాస్టరు గారి అంగీకి అంచు వంకర పోయిందనీ, చెయ్యి పోయింది కాబోలనీ. కోటు చలికి ఆగిందంటే మిషను ఉంచుకుంటాననీ, ఆగలేదంటే వినోద్ కుమార్‌కు ఇచ్చేసి కొట్టు మూసేస్తాననీ రాశారు. ముప్పై ఆరేళ్ళ కొట్టును ఒక కోటుకు ముడిపెట్టారు. కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పాలి.

మన వైపు చలికోటు కుట్టిన దర్జీ ఎవరున్నారు? మీ దగ్గరున్న పొడవాటి కొలతల కాగితం పాస్టరు గార్ల అంగీది ఒక్కటే. దాన్నే పెట్టి నల్లగుడ్డ కత్తిరించారు. కొల్లూరు నుంచి బూరుగు దూది తెప్పించి, లోపల పరిచి, గళ్ళు గళ్ళుగా కుట్టారు. నెల్లాళ్ళు పట్టింది. దీన్ని నొక్కిపెట్టొద్దు, బూరుగు దూదికి గాలాడాలి, ఒకసారి అణిగితే మళ్ళీ లేవదు అని రైలెక్కేటప్పుడు కూడా కిటికీ దగ్గర నిలబడి చెప్పారు.

ఆ రైల్లో ఏమైందో మీకు చెప్పలేదు. మూట సీటు మీద పెడితే ఇద్దరి చోటు పట్టింది. భట్టిప్రోలులో ఎక్కినావిడ దాన్ని చేత్తో నొక్కి చూసింది.

"ఏంటక్కా, పరుపు మోసుకెళ్తున్నావ్? కాపురం మారుస్తున్నావా?"

"పరుపు కాదమ్మా, కోటు."

"కోటా? ఎంతమందికి?"

పెట్టె పెట్టంతా నవ్వింది. వేమూరులో ఎక్కినవాళ్ళకు కూడా ఆవిడే చెప్పి నవ్వించింది. నేనూ నవ్వాను. తెనాలిలో దిగాక మూట నెత్తిన పెట్టుకోకుండా చంకలో ఇరికించుకుని నడిచాను.

రాధారాణి గారింట్లో సామాను సర్దుతుంటే వాళ్ళబ్బాయి బసవేశ్వరరావు గారు ప్లాస్టిక్ సంచులు తెచ్చారు. బట్టలు అందులో పెట్టి, గొట్టం తగిలించి లోపలి గాలి లాగేస్తే అప్పడంలా అయిపోతాయి. కోటు కూడా అందులో పెట్టమన్నారు. మీ మాట గుర్తుంది. అయినా పెట్టాను. పెట్టకపోతే విమానంలో ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. సంచిలో పెట్టడానికి మంచం మీద పరిచినప్పుడు ఒకటి చూశాను. దాని సంగతి తర్వాత చెబుతాను.

నెలన్నర తర్వాత చలి మొదలైంది. సంచి విప్పితే కోటు అలాగే అణిగిపోయి ఉంది. రెండు రోజులు వరండాలో ఎండకు పెట్టి, చేత్తో తట్టి తట్టి లేపాను. ముక్కాలు వంతు లేచింది. మూడో రోజు తొడుక్కుని పైకి వెళ్ళాను. ఎదురుగా వచ్చిన తెల్లాయన ఒకరు టోపీ తీసి, తలవంచి పక్కకు తప్పుకున్నాడు. రాధారాణి గారు కుర్చీలో ఊగిపోయి నవ్వారు.

"నీకు దొర దణ్ణం పెట్టాడే! ఇవాళ్టి వాక్యం ఏంటమ్మా పాస్టరమ్మా? నాకేమన్నా బాప్తిస్మం ఇచ్చేస్తావా ఏంటి?"

"మీకు ముంచే బాప్తిస్మం కష్టమండి, చిలకరిస్తాను" అన్నాను.

పైకి నవ్వాను గానీ, గదికి వచ్చి విప్పేశాను. ఆ రోజు నుంచి బసవేశ్వరరావు గారు అదనంగా పెట్టిన నీలం జర్కిన్ వేసుకుని తిరిగాను. మీ కోటు మంచం కింద ఉంది. వెచ్చగా ఉందని మీకు నేను మెసేజ్ పెట్టించింది ఆ సాయంత్రమే. అది అబద్ధం.

పోయిన శుక్రవారం ఓడ ఒక మంచుకొండ ముందు ఆగింది. నీలంగా ఉంటుంది మంచు. తెల్లగా ఉంటుందనుకునేదాన్ని. రాధారాణి గారు ఈ ప్రయాణమంతా ఒప్పుకుంది ఆ ఒక్క చోటు కోసం. బయట కూర్చుని గంటసేపు చూడాలని మొదటి రోజునుంచీ చెబుతూనే ఉన్నారు. తీరా కుర్చీ బయటికి తోశాక ఐదు నిమిషాలకే పెదవులు నల్లబడ్డాయి. ఎంత ఖరీదు జర్కినైనా నడుముదాకానే ఉంటుంది. కూర్చున్న మనిషికి మోకాళ్ళు, పాదాలు బయటే. కప్పిన దుప్పటి గాలికి ఎగిరిపోతోంది. లోపలికి పోదామన్నాను.

"లోపల అద్దంలోంచి చూడ్డానికి తెనాలి నుంచి ఇంత దూరం రావాలా? మా ఇంట్లో టీవీ ఉంది" అన్నారు.

నర్సుగా చేసినదాన్ని, ఆ చలిలో ఆవిడను ఉంచలేను. లోపలికి తెస్తే మళ్ళీ ఆ మంచు చూసే రోజు ఆవిడకు రాదు. అప్పుడు గుర్తొచ్చింది. గదికి వెళ్ళి మంచం కింద నుంచి కోటు తెచ్చాను. జర్కిన్ మీదనే తొడిగాను. వెడల్పు అంగీ కదా, మోకాళ్ళు దాటి పాదాల కింద మడత పెట్టేంత ఉంది. ఆ బారు చేతుల్లో కుడిచెయ్యి ఎడమ చేతిలోకి, ఎడమచెయ్యి కుడి చేతిలోకి దూర్చుకుని కూర్చున్నారు. సన్నగా చినుకు కూడా పడింది. బూరుగు దూదికి నీళ్ళు పట్టవు కదా, దులిపితే పోయాయి. గంట అన్నారు గానీ గంటన్నర కూర్చున్నారు. పెదవులు మామూలు రంగుకు వచ్చాయి. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబు: వెచ్చగా ఉంది. నేను తొడుక్కుని చెప్పడం లేదు, ఆవిడ నాడి పట్టుకుని చూసి చెబుతున్నాను.

లోపలికి వచ్చాక ఆవిడ కోటు వెంటనే ఇవ్వలేదు. ఒళ్ళో పెట్టుకుని తిరగేశారు. ఒకప్పుడు ఇంట్లో కుట్టుకున్న మనిషే.

"ఎవరు కుట్టారే?"

"మా ఆయనండి."

"మరి ఇన్నాళ్ళూ మంచం కింద ఎందుకు పెట్టావ్? సిగ్గా?"

ఆవిడ వేళ్ళు ఎడమ చంక కింద ఆగాయి.

"ఈ జానెడు వేరేగా ఉందే. ఇది మిషను కుట్టు కాదు. ఎవరిది?"

"నాదండి."

"ఆయనకు తెలుసా?"

తెలియదన్నాను.

తెనాలిలో మంచం మీద పరిచినప్పుడు నేను చూసింది అదే. ఎడమ చంక కింద జానెడు మేర మిషను కుట్టు గుడ్డ అంచును పట్టుకోలేదు. పక్కనుంచి వెళ్ళిపోయింది. దూది బయటికి తేలుతోంది. ఎవరూ చూడకముందే సూదీ దారం తీసుకుని చేతికుట్టు వేశాను. మీకు చెప్పలేదు. కుట్లు ఆగాయా అని అడిగారు కదా. ఆగాయి. ఆ జానెడు మాత్రం మీవి కావు.

రాధారాణి గారు పడుకున్నాక కోటు ముందు పెట్టుకుని కుట్టు కుట్టూ చూశాను. వీపు మీద గళ్ళు మూడేసి వేళ్ళ వెడల్పున ఉన్నాయి, నూలుపోగంత తేడా లేదు. అవి మీరు గుడ్డ కింద వేలు పెట్టి తడుముకుంటూ కుట్టినవి. కాజాలూ అంతే. జారింది ఎక్కడంటే నల్లగుడ్డ మీద నల్ల లైనింగు కలిసే చోట. అక్కడ వేలికి ఏమీ తెలియదు, కంటితో చూసే కుట్టాలి. పున్నమ్మ గారి తెల్ల జాకెట్టుకూ, పాస్టరు గారి తెల్ల అంగీ అంచుకూ తెల్ల దారమే వాడి ఉంటారు, అక్కడా అంతే. మీ చెయ్యి ఎక్కడికీ పోలేదు. పోతున్నది కన్ను.

ఇది నాకు ఓడెక్కాక తెలిసింది కాదు. మీరు వెలుతురు కోసం మిషను గుమ్మం దగ్గరికి జరుపుకున్నప్పుడు అనుమానం వచ్చింది. సూదిలో దారం ఎక్కించడానికి ఏంజెల్‌ను పిలవడం, అది లేకపోతే రోడ్డున పోయేవాళ్ళను పిలవడం చూశాను. పోయిన వేసవిలో కంట్లో నలుసు పడిందని టార్చి వేయించుకుని చూపించుకున్నారు, గుర్తుందా. నలుసు తీశాను. నల్లగుడ్డులో తెల్లపొర కూడా చూశాను. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో చేసినదాన్ని, అదేంటో నాకు తెలియక కాదు.

మీ నాన్నగారికి ఆ రోజుల్లో ఆపరేషను చేస్తే కన్ను పోయింది కాబట్టి మీరు భయపడతారని మొదట ఊరుకున్నాను. అది సగమే నిజం. ఆ నెలలోనే రాధారాణి గారికి తోడు కావాలని కబురొచ్చింది. మీకు చెబితే ఆపరేషను, ఆ తర్వాత చుక్కల మందు, నెల్లాళ్ళు మిమ్మల్ని చూసుకోవడం. ఈ ప్రయాణానికి ఇంకొకర్ని చూసుకునేవాళ్ళు. ఏంజెల్ ఉంది కదా, అది చూసుకుంటుందని కూడా నేను అనుకోలేదు. అసలు మీ గురించి అనుకోలేదు. సూర్యలంకలో ఒడ్డున నిలబడి చూసిన సముద్రాన్ని లోపలికి వెళ్ళి చూడాలనిపించింది. వెళ్ళాలనుకున్నాను, వచ్చేశాను. మీరు కళ్ళు కనబడకుండా నెల్లాళ్ళు నాకోసం నల్లకోటు కుడుతుంటే, పక్కనే కూర్చుని చూస్తూ ఊరుకున్నాను. అక్షరాలు పెద్దవిగా ఎందుకు రాశానో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది.

కోపం వస్తే రానివ్వండి. నేను వచ్చాక తిట్టండి. ముందు ఏంజెల్‌కు సెలవు పెట్టించి కంటి డాక్టరుకు చూపించుకోండి. ఇప్పుడు పొద్దున చేసి సాయంత్రానికి ఇంటికి పంపుతున్నారు, మీ నాన్నగారి రోజులు కావు ఇవి. షుగరు పరీక్ష చేయించుకుని వెళ్ళండి. మిషను ఉంచుకోవాలో ఇచ్చెయ్యాలో మీ ఇష్టం, నేను చెప్పను. కాకపోతే అది కన్ను బాగయ్యాక తేల్చుకోండి. చెయ్యి మీద నింద వేసి మాత్రం అమ్మకండి.

రాధారాణి గారు కోటు తనకిచ్చెయ్యమంటున్నారు. ఇంకెక్కడికి వెళ్తారండి అంటే, "ఎక్కడికీ వెళ్ళను, ఏసీ గదిలో వేసుకుంటా" అన్నారు. మిమ్మల్ని అడగాలన్నాను.

ఎవరికిచ్చినా ఇవ్వకపోయినా ఒక పని ఉంది. ఎడమ చంక కింద వేలితో తడిమితే నా కుట్టు దొరుకుతుంది, గరుగ్గా ఉంటుంది. దాన్ని ఇప్పుడు విప్పకండి. నేను ఏప్రిల్ మొదటి వారంలో వస్తాను. అప్పటికి కంటి కట్టు విప్పేసి ఉంటారు. ఆ జానెడు విప్పి మీరు కుట్టండి. నేను పక్కనే కూర్చుంటాను. సూదిలో దారం మాత్రం ఎక్కించి ఇవ్వను.

ఇట్లు,
మీ ఏంజెల్ వాళ్ళమ్మ,
స్నేహలత.