ఎడమ మూతి వంకర

ఒవాసో, మిషిగన్
ఏప్రిల్ 8, 1996

గ్రేట్ లేక్స్ పాత బండ్ల సంఘం ప్రధాన జడ్జి హ్యారియెట్ లూమిస్ గారికి డ్వైట్ ఆస్ట్రాండర్ నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ, మా ఆవిడా, బండీ క్షేమం.

నేను బ్రెడ్డు వ్యాను నడిపి రిటైరైన మనిషిని. వ్యాను నడిపినన్నాళ్లూ మనసులో తిరిగింది మాత్రం ఒకటే బండి, 1969 బ్రిగాండ్ 400 కారు. చివరికి ఒకటి దొరికింది. వెనక సీట్లో కోళ్లు గుడ్లు పెడుతుండగా దొరికింది. దాన్ని మళ్లీ బండిని చెయ్యడానికి ఆరేళ్లు పట్టింది. ఇప్పుడు ఇంజను స్టార్టు చేస్తే పక్కింటి కిటికీ అద్దాలు గలగలమంటాయి. ఆ చప్పుడు వింటే నాకు కడుపు నిండుతుంది.

ఇక మిగిలింది సైలెన్సర్ గొట్టాల చివర తొడిగే మూతులే. కేటలాగులో గుండ్రటివి ఉన్నాయి, ఏటవాలుగా కోసినవి ఉన్నాయి, కోలగా కిందికి వంగినవి ఉన్నాయి, బూరల్లాంటివి ఉన్నాయి. నాకు బూరలు చూస్తే ప్రాణం లేచొస్తుంది. ఆగస్టులో మీరు కలమజూలో జరిపే పోటీలో ‘పుట్టినప్పటి రూపం’ షీల్డు నాకు కావాలి. ఏ మూతులు పెట్టమంటారు?

ఇంత ఆత్రం ఎందుకంటే, మా ఆవిడ ఆర్లీన్ బొంతలు కుట్టే మిషను కొన్నది. మంచం కన్నా పొడుగు. గ్యారేజీలో బండి ఉంది కాబట్టి మిషను భోజనాల గదిలో ఉంది, మేం వంటింట్లో నిలబడి తింటున్నాం. మొన్న ఆవిడ తేల్చి చెప్పేసింది. “చూడు డ్వైట్, ఆగస్టులో ఆ ఇనపముక్కకి షీల్డు వచ్చిందా, గ్యారేజీ దానిదే, నేను నోరెత్తను. రాలేదా, అది మా తమ్ముడి కొట్టంలోకి, నా మిషను గ్యారేజీలోకి.” తమ్ముడంటే మెర్ల్. ఊరి బయట కోళ్లు పెంచుతాడు. నన్ను చూసి నవ్వడం వాడికి రెండో వృత్తి.

ఇట్లు,
విధేయుడు డ్వైట్ ఆస్ట్రాండర్

తా.క. ఇది ఆర్లీన్ రాస్తున్నది. ఈయన ఉత్తరాలు పోస్టు చేసేది నేనే కాబట్టి కింద ఖాళీ నాది. నిలబడి తింటున్నది ఈయన ఒక్కడే. వంటింట్లో ఒక కుర్చీ పట్టింది, అందులో నేను కూర్చుంటున్నాను.


కలమజూ
ఏప్రిల్ 15

ఆస్ట్రాండర్ గారికి,

‘పుట్టినప్పటి రూపం’ అంటే ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు బండి ఎలా ఉందో అలా. మీకు ఎలా ముద్దొస్తే అలా కాదు. 1969 బ్రిగాండ్‌కి కోలగా ఉండి కిందికి వంగిన మూతులే. బూరలు తగిలించుకొచ్చిన వాళ్లని మేమేమీ అనం. పక్కకి తీసుకెళ్లి కాఫీ ఇచ్చి పంపేస్తాం.

ఇట్లు,
హ్యారియెట్ లూమిస్, ప్రధాన జడ్జి

తా.క. అవి వచ్చాక భోజనాల బల్ల మీద మాత్రం పెట్టకండి. మా ఆయన పెట్టేవాడు. ఇప్పుడు వేరే ఊళ్లో ఉంటున్నాడు.


ఒవాసో
మే 13

పూజ్యులైన లూమిస్ గారికి,

మీ మాటే వేదవాక్కు. బూరలకి కన్నీటితో వీడ్కోలు చెప్పి కోల మూతులు తెప్పించాను. వచ్చిన రోజు నుంచీ రుద్దుతూనే ఉన్నాను. ముందు మెత్తటి గుడ్డతో, తర్వాత వెండి పాలిష్‌తో, ఆ తర్వాత నా పెళ్లి కోటు చేతి గుడ్డతో. ఫోటో జతచేశాను. కుడి మూతిలో నా మొహం ఎంత స్పష్టంగా ఉందో చూడండి. ఇంతకన్నా ఎవడు మెరిపించగలడు?

ఇట్లు,
విజయానికి చేరువలో ఉన్న డ్వైట్

తా.క. ఆ పాలిష్ మా అమ్మ ఇచ్చిన చెంచాలకి దాచుకున్నది. ఫోటోలో కనిపిస్తున్న మొహం కూడా ఈయనది కాదు, నాది. “డ్వైట్, భోజనం చల్లారిపోతోంది, వస్తావా రావా?” అని అరుస్తున్నాను.


కలమజూ
మే 20

ఆస్ట్రాండర్ గారికి,

మీ శ్రద్ధ మెచ్చదగ్గదే. దానికి మార్కులు మాత్రం కోత. ఫ్యాక్టరీలో మూతులకి పాలిష్ పట్టే తీరిక ఎవరికుంది? క్రోమియం పూత కాస్త మబ్బుగా ఉండేది. వెల్డింగు నమిలిన చూయింగ్ గమ్ అతికించినట్టు ఉండేది. బండి మరీ ముస్తాబైతే మా సంఘంలో దాన్ని ‘కన్నతల్లి గుర్తుపట్టని బిడ్డ’ అంటాం. ఆ మెరుపు తగ్గించండి.

ఇట్లు,
హ్యారియెట్ లూమిస్

తా.క. ఆర్లీన్ గారూ, చెంచాలకి పళ్లపొడి వాడి చూడండి. నాకు వేరే దారి లేక నేర్చుకున్నది.


ఒవాసో
జూన్ 10

లూమిస్ గారికి,

మీ ఆజ్ఞ శిరసావహించాను. మెరుపు తగ్గించమన్నారు, తగ్గించాను. మెర్ల్ కోళ్లగూటి వెనక పెంటలో మూతుల్ని పాతిపెట్టి, రోజూ వెళ్లి నీళ్లు పోసి వచ్చాను. మెర్ల్ కంచె మీద చేతులు పెట్టుకుని, “ఏం బావా, సైలెన్సర్లు మొలకెత్తాయా? కోతకొస్తే చెప్పు, సంతకి తీసుకెళ్దాం” అన్నాడు. నేను పట్టించుకోలేదు. మహత్కార్యం తలపెట్టినవాడికి బావమరుదుల ఎగతాళి తప్పదు. తవ్వి తీస్తే మంచి మట్టి రంగు వచ్చింది. మీకు నమ్మకం కలగడానికి రాలిన పెచ్చు ఒకటి కవర్లో పెట్టాను.

ఇట్లు,
డ్వైట్

తా.క. పెచ్చు నేను తీసేశాను. పోస్టుమాన్ పిల్లలు గలవాడు.


కలమజూ
జూన్ 17

అయ్యా ఆస్ట్రాండర్ గారూ,

నేను మెరుపు తగ్గించమన్నాను, తుప్పు పట్టించమనలేదు! కొత్త జత కొనండి. డబ్బాలోంచి తీసినవి తీసినట్టు బిగించండి. రుద్దకండి, పాతకండి, నీళ్లు పొయ్యకండి.

ఇక బిగించే పద్ధతి శ్రద్ధగా చదవండి. చాలామంది ఓడిపోయేది ఇక్కడే. బ్రిగాండ్‌కి కుడి మూతి తిన్నగా ఉంటుంది. ఎడమది బొటనవేలు మందం కిందికి జారి, కొద్దిగా బయటికి తిరిగి ఉంటుంది. ఫ్యాక్టరీలో ఎడమ పక్క బిగించే పనివాళ్ల బిగింపు చట్రం అరిగిపోయి ఉండటం వల్ల ఇలా వచ్చిందని మా నియమావళిలో రెండు పేజీల వ్యాసం ఉంది. రాసింది నేనే. ఎవరి చెయ్యీ పడకుండా దొరికిన బ్రిగాండ్ ఇప్పటికి ఒక్కటే. ఓ రైతు చనిపోతే అతని సామాన్ల వేలంలో బయటపడింది. బతికినన్నాళ్లూ ఆ రైతు దానికి ఒక్క మర కూడా బిగించలేదని ఇంటిల్లిపాదీ చెప్పారు. బండి డ్యాష్‌బోర్డు అరలో దాని పాత ఫోటో కూడా దొరికింది. నకలు పంపుతున్నాను. దాన్ని చూసి అలాగే వంచండి.

ఇట్లు,
హ్యారియెట్ లూమిస్

తా.క. సుత్తి వాడకండి.


ఒవాసో
జూలై 22

లూమిస్ గారికి,

సుత్తి వాడాను. ఏం చెయ్యను, మెత్తగా అడిగితే వంగలేదు.

నా బాధ మీకు చెప్పుకోవాలి. మొదట రసమట్టం పెట్టి రెండు మూతులూ వెంట్రుకవాసి తేడా లేకుండా బిగించాను. ఎంత అందంగా ఉన్నాయో! తర్వాత ఆ అందాన్ని నా చేతులతో నేనే చెడగొట్టాను. వీధిలో ప్రతివాడూ ఆగి, “డ్వైట్, నీ ఎడమది ఊడిపోతోందోయ్” అని చెప్పి పోతున్నాడు. “అలా ఊడినట్టు ఉండటానికే నేను మూడు రోజులు తంటాలు పడ్డాను” అంటే జాలిగా చూస్తున్నారు. ఫోటో ఫ్రిజ్ తలుపుకి అంటించుకుని పొద్దున్నే దణ్ణం పెట్టుకుంటున్నాను. పోటీ దగ్గరికొచ్చింది, నాకు ముద్ద దిగడం లేదు. షీల్డు రాకపోతే బండి వెళ్లిపోతుందండీ. ఆరేళ్లుగా దాని పక్కన కూర్చుని రేడియో వినడం అలవాటైన మనిషిని నేను.

ఇట్లు,
దిగులుతో డ్వైట్

తా.క. హ్యారియెట్ గారూ, నకలులో ఫోటో అంచు తెగిపోయింది. అసలు ఫోటోలో వెనక చక్రం పక్కన, మెట్ల దగ్గర, కోపంగా చూస్తున్న తెల్ల పెద్దబాతు ఏమైనా ఉందా?


కలమజూ
ఆగస్టు 19

మిత్రులు ఆస్ట్రాండర్ గారికి,

పోటీ రోజు మైదానంలో మీరు ఏడవడం వల్ల సరిగ్గా మాట్లాడుకోలేకపోయాం కాబట్టి మళ్లీ రాస్తున్నాను. అభినందనలు. మీ ఎడమ మూతి జారుడు ఇన్నేళ్లలో నేను చూసిన జారుళ్లన్నిటిలోకీ సొగసైనది. షీల్డుకి మీరు పూర్తిగా అర్హులు.

ఇట్లు,
హ్యారియెట్ లూమిస్

తా.క. ఆర్లీన్ గారూ, పెద్దబాతు ఉంది. మీకెలా తెలుసు?


ఒవాసో
ఆగస్టు 24

హ్యారియెట్ గారికి ఆర్లీన్ రాయునది. ఈ ఉత్తరం ఈయనకి తెలియదు.

ఆ బాతు పేరు డచెస్. ఆ మెట్లు మావి. ఆ బండి మా నాన్నది. కొన్న వారానికే, ఈస్టరు ఆదివారం నాడు, మా మెర్ల్ దాన్ని వెనక్కి పోనిస్తూ చర్చి బోర్డు స్తంభానికి కొట్టాడు. ఎడమ మూతి వంగింది. స్తంభం మీద రాసిన ‘నిదానముగా రండి’ కూడా వంగింది. ఆ ఫోటో మా నాన్న ఇన్సూరెన్సు వాళ్లకి పంపడానికి తీసింది. “మీవాడు కొట్టింది మీకే” అని వాళ్లు దమ్మిడీ ఇవ్వలేదు. నాన్నకి రోషమొచ్చి, రిపేరు కూడా చేయించకుండా బండిని అలాగే ఆ రైతుకి అమ్మేశాడు. ఆ బండి పేరు ఇంట్లో ఎత్తొద్దని ఒట్టు పెట్టించాడు. ఈయన నాకు పరిచయమైంది ఆ తర్వాతే. నేనూ చెప్పలేదు. చెబితే దాన్ని వెతుక్కుంటూ పోయి ఉండేవాడు.

అంటే మీ రెండు పేజీల వ్యాసంలో ఉన్న అరిగిపోయిన చట్రం మా తమ్ముడేనమ్మా.

నేను బెదిరించడం లేదు. నిజం బయటపడితే ఈయన షీల్డు పోతుంది. షీల్డు పక్కన పెట్టుకుని నిద్రపోతున్నాడు, ఆ మొహం చూస్తే నాకే ముద్దొస్తోంది. ఈ పిచ్చిమారాజుని నేను ఏడిపించలేను. అయితే మాట ప్రకారం గ్యారేజీ బండికి పోయింది, నేను భోజనాల గదిలో మిషను కింద నుంచి పాక్కుంటూ కిటికీ తెరుస్తున్నాను. మీ సంఘం పత్రికకి ఓ చిన్న ఉత్తరం రాద్దామా అని ఒక్కోసారి చెయ్యి దురద పెడుతోంది. ఆ దురదకి మందు మీ దగ్గర ఉందేమో ఆలోచించండి.

ఇట్లు,
మీ మేలు కోరే ఆర్లీన్

తా.క. ఈ రాష్ట్రంలో ఎంతమంది తమ బండ్ల ఎడమ మూతులు సుత్తితో వంచుకుని ఉంటారంటారు?


కలమజూ
సెప్టెంబరు 3

ఆస్ట్రాండర్ గారికి,

షీల్డు గెలిచిన వారికి సంఘం కొత్తగా చేసిన నియమం తెలియజేస్తున్నాను. ‘పుట్టినప్పటి రూపం’ పొందిన బండి ఇకపై సిమెంటు గ్యారేజీలో ఉండరాదు. సిమెంటు చెమ్మ క్రోమియానికి శత్రువు. వేలంలో దొరికిన మా ఆదర్శ బండి అంతకాలం చెక్కుచెదరకుండా ఉండటానికి కారణం గడ్డికొట్టంలో, కోళ్ల నడుమ ఉండటమేనని తేలింది. మీకు తెలిసినవాళ్లకెవరికైనా అలాంటి కొట్టం ఉంటే వెంటనే తరలించండి. షీల్డు నిలుపుకోవడం మీ చేతుల్లో ఉంది.

ఇట్లు,
హ్యారియెట్ లూమిస్

తా.క. ఆర్లీన్ గారూ, చెయ్యి దురద ఎలా ఉంది?


ఒవాసో
సెప్టెంబరు 16

హ్యారియెట్ గారికి,

ఈ ఉత్తరం నా చేత్తో నేనే పోస్టు చేస్తున్నాను కాబట్టి మనసు విప్పి రాస్తున్నాను.

మీ నియమం చదివి వినిపించగానే ఆర్లీన్ కళ్లనీళ్లు పెట్టుకుంది. “వద్దు డ్వైట్, అది లేకపోతే గ్యారేజీ బోసిపోతుంది” అంది. “నియమం నియమమే ఆర్లీన్” అని నేను గుండె రాయి చేసుకుని బండిని మెర్ల్ కొట్టానికి తోలుకెళ్లాను. మెర్ల్ బండి వెనక్కొచ్చి ఎడమ మూతి చూశాడు. చూసి, నవ్వలేదు. మొదటిసారి! తెల్లబోయి గడ్డిమోపు మీద కూలబడి, “బావా, ఇది నీకెవరు చెప్పారు? నాన్నకిచ్చిన ఒట్టు కదా” అన్నాడు. ఆ తర్వాత స్తంభం సంగతీ, బాతు సంగతీ అన్నీ కక్కేశాడు.

ముందు నా షీల్డు పోయినట్టే అనుకున్నాను. తర్వాత ఆర్లీన్ కళ్లనీళ్లూ, మీ కొత్త నియమమూ గుర్తొచ్చి, పొట్ట పట్టుకుని నవ్వాను. ఇద్దరాడవాళ్లు కలిసి నన్ను ఎంత మర్యాదగా సాగనంపారండీ! నాకు కోపం లేదు. కొట్టంలో పొయ్యి ఉంది, రేడియో ఉంది, “దుప్పట్లు మడత పెట్టు” అనే మనిషి లేదు. మెర్ల్‌కి ఆ స్తంభం సంగతి ఊళ్లో చెప్పకుండా నేను నోరు మూసుకుంటే చాలు, చెప్పినట్టు వింటున్నాడు. ఇప్పుడు వాడే తిరిగి తిరిగి నా కోసం ఇంకో బ్రిగాండ్ పట్టుకొచ్చాడు. అది కూడా కొట్టంలోనే ఉంది. ఆర్లీన్‌కి ఈ జన్మలో తెలియదు. మీరూ చెప్పకండి.

ఇట్లు,
ఎవరి చేతిలోనూ మోసపోని డ్వైట్

తా.క. హ్యారియెట్ గారూ, నేను ఆర్లీన్‌ని. పోస్టాఫీసు దాకా వెళ్లి, స్టాంపు లేదని ఇంటికొచ్చి నన్నే అడిగాడు. రెండో బండి సంగతి నాకు తెలియనట్టే ఉంటాను, మీరూ అలాగే ఉండండి. గ్యారేజీలో మిషను హాయిగా తిరుగుతోంది. ఒక్కటే కొరత. ఈయన స్పేరు సామాన్లు నేలమాళిగ నిండా ఉన్నాయి. దానికి కూడా ఒక నియమం రాసి పెట్టరూ?